నలుపు తెలుపులు రాకముందు: పరాకస్ పెంగ్విన్ ఈకలు

పెరూ దక్షిణ తీరంలో సుమారు 3.6 కోట్ల ఏళ్ల కిందట ఈదిన ఒక పెంగ్విన్ ఈకలతో సహా దొరికింది. ఇప్పటి పెంగ్విన్లలో కనిపించే చిక్కటి నలుపు ఆ ఈకల్లో లేదు. కొన్ని బూడిద రంగువి, కొన్ని ఎరుపు కలిసిన గోధుమ రంగువి. 2010లో ‘సైన్స్’ పత్రికలో ఈ పరిశోధన వెలువడినప్పుడు అందరి చూపూ ఆ రంగు మీదే పడింది. అందులో వింతేమీ లేదు, ఎర్రటి పెంగ్విన్‌ను ఎవరూ ఊహించలేదు మరి. అయితే ఆ శిలాజంలో రంగుతో పాటు చూడవలసింది ఇంకొకటి ఉంది. ఈకల రూపం మాత్రం అచ్చంగా ఇప్పటి పెంగ్విన్లదే. పొట్టిగా, బిరుసుగా, వెడల్పాటి కాడలతో, పెంకుల కప్పులా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. ఈదడానికి కావలసిన ఈక ముందే తయారైంది, దాని రంగు తర్వాత మారింది. పెంగ్విన్ ఏ క్రమంలో పెంగ్విన్ అయిందో తెలుసుకోవాలనుకునేవారికి ఈ ముందువెనుకలు ఎంతో విలువైనవి.

ఆ పక్షి పేరు ఇంకాయాకు పరాకసెన్సిస్. ఆండీస్ ప్రాంతపు కెచువా భాషలో ‘ఇంకా’ అంటే చక్రవర్తి, ‘యాకు’ అంటే నీరు. పేరులో రెండో మాట అది దొరికిన పరాకస్ రక్షిత ప్రాంతానికి గుర్తు. అలీ ఆల్టమిరానో అనే పెరూ విద్యార్థి అక్కడి ఎడారిలో తిరుగుతూ, రాతిలోంచి బయటపడిన ఒక పాదం మీద పొలుసుల చర్మం ఇంకా నిలిచి ఉండటం గమనించాడు. శిలాజాల వేటలో మామూలుగా కనబడేవి ఎముకలే. చర్మం నిలిచిందంటే మిగతా మెత్తటి భాగాలు కూడా ఎంతోకొంత మిగిలి ఉండవచ్చు. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియా క్లార్క్ నాయకత్వంలోని బృందం ఆ శిలాజాన్ని శ్రద్ధగా శుభ్రం చేస్తూ పోగా ఈకలు బయటపడ్డాయి. అప్పటికి పరిశోధకులు దానికి ‘పెడ్రో’ అని ముద్దుపేరు కూడా పెట్టేసుకున్నారు. ప్రస్తుతం అది లిమాలోని శాన్ మార్కోస్ విశ్వవిద్యాలయపు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది.

పొడవు దాదాపు మీటరున్నర. బరువు 55 నుంచి 60 కిలోల మధ్య ఉంటుందని అంచనా. ఇప్పుడున్న వాటన్నిటిలోకీ పెద్దదైన ఎంపరర్ పెంగ్విన్ 22 నుంచి 45 కిలోలు తూగుతుంది. ఇంకాయాకు ముక్కు పొడవుగా, సూటిగా ఉంటుంది. ఇప్పటి పెంగ్విన్ల ముక్కులు దాని ముందు పొట్టివి.

మెలనోసోమ్‌ల సంగతి తెలిస్తే తప్ప ఈ రంగు ఎలా చెప్పగలిగారో అర్థం కాదు. మన జుట్టుకూ చర్మానికీ రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థమే పక్షుల ఈకలకూ నలుపు, బూడిద, గోధుమ రంగులనిస్తుంది. ఈక లోపల అది సన్నని తిత్తుల్లో ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉండే ఈ తిత్తులనే మెలనోసోమ్‌లు అంటారు. బియ్యపు గింజలా సన్నగా, పొడుగ్గా ఉన్నవి నలుపు, బూడిద రంగులకూ, ఆవగింజలా గుండ్రంగా ఉన్నవి ఎరుపు, గోధుమ రంగులకూ కారణమని ఇప్పటి పక్షులను చూసి తేల్చారు. శిలాజ ఈకల్లో ఇలాంటి గింజలు కనబడటం కొత్త కాదు. అవి ఈకను కుళ్లబెట్టిన బ్యాక్టీరియా తాలూకు అవశేషాలని చాలాకాలం అనుకున్నారు. 2008లో యాకబ్ వింటర్ తదితరులు బ్రెజిల్‌లో దొరికిన ఒక చారల ఈకను సూక్ష్మదర్శినితో చూస్తే, ఆ గింజలు నల్లచారల్లోనే కనిపించాయి, తెల్లచారల్లో లేవు. బ్యాక్టీరియా అయితే నల్లచారలను మాత్రమే ఏరుకుని తినదు కదా. అంత సరళమైన పరిశీలన ఒక శాస్త్రానికే తలుపు తెరిచింది. సుమారు రెండేళ్లలోనే డైనోసార్ల రంగులూ, ఈ పెంగ్విన్ రంగూ బయటికి వచ్చాయి.

ఇంకాయాకు ఈకల్లోని మెలనోసోమ్‌లను ఇప్పటి రకరకాల పక్షుల మెలనోసోమ్‌లతో పోల్చి చూశారు. ఈ పోలికలో అసలు ఆశ్చర్యం పాత పక్షి వల్ల కాక కొత్త పక్షుల వల్ల కలిగింది. ఇప్పటి పెంగ్విన్ల మెలనోసోమ్‌లు పెద్దవి, లావైనవి, ద్రాక్షగుత్తుల్లా ఒకచోట గుమిగూడి ఉంటాయి. మిగతా పక్షుల్లో ఇలాంటి అమరిక కనబడదు. ఇంకాయాకువి మాత్రం మామూలు పక్షుల్లో ఉన్నట్టే చిన్నవిగా, సన్నగా ఉన్నాయి. అంటే వింతగా ఉన్నది శిలాజం కాదు, ఇప్పుడు బతికి ఉన్న పెంగ్విన్లే. ఆ పెద్ద మెలనోసోమ్‌లు పెంగ్విన్ల వంశంలోకి ఎప్పుడు వచ్చాయి, ఎందుకు వచ్చాయి అనే ప్రశ్న పుట్టింది ఈ పోలికలోంచే.

రంగు విషయంలో ఒక హద్దు మరిచిపోకూడదు. మెలనోసోమ్‌లు చెప్పగలిగేది మెలనిన్ ఇచ్చే రంగు గురించే. కొన్ని పెంగ్విన్ల తలమీద, మెడమీద కనిపించే పసుపుకు వేరే రసాయనం కారణం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాల్లోని లిటిల్ పెంగ్విన్ నీలంగా మెరవడానికి ఈకలోని సన్నని నారల అమరిక కారణం. పైగా పరాకస్ శిలాజంలో ఒళ్లంతా కప్పే ఈకలు దొరకలేదు, రెక్క దగ్గరివి, ఒంటివి కొన్ని మాత్రమే మిగిలాయి. కాబట్టి వీపు ఒక రంగు, పొట్ట ఒక రంగు అంటూ బొమ్మ మొత్తం నింపడం చిత్రకారుడి ఊహే అవుతుంది. ఆ బొమ్మలు చూసి ఇదే దాని అసలు రూపం అనుకోకూడదు. పరీక్షించిన ఈకల్లో ఇప్పటి పెంగ్విన్ల నలుపు లేదన్న ముక్క మాత్రం గట్టిది.

పెంగ్విన్‌ను చలి పుట్టించిందనే నమ్మకం చాలామందిలో ఉంది. మంచు, దానిమీద గుంపుగా నిలబడ్డ నల్లకోటు పక్షులు: ఈ బొమ్మ మనసులోంచి ఒక పట్టాన చెరగదు. దాన్ని చెరిపేయడానికి పరాకస్ ఎక్కడుందో చూస్తే చాలు. నెల్లూరు భూమధ్యరేఖకు ఉత్తరాన ఎంత దూరమో, పరాకస్ దక్షిణాన దాదాపు అంతే దూరం. రెండూ 14 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. ఇంకాయాకు బతికిన ఇయోసీన్ యుగంలో భూమి ఇప్పటికన్నా వెచ్చన. అంటార్కిటికాను ఇప్పుడు కప్పి ఉన్న మహా హిమఫలకం అప్పటికి ఏర్పడలేదు, అది పరుచుకోవడం సుమారు 3.4 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. అదే పెరూ నేలలో 2007లో మరో రెండు పెంగ్విన్లను ఇదే పరిశోధకులు వెలుగులోకి తెచ్చారు. ఒకటి సుమారు 4.2 కోట్ల ఏళ్లనాటి పెరూడిప్టెస్, రెండోది ఇంకాయాకుకు సమకాలికమైన ఇకాడిప్టెస్. ఇకాడిప్టెస్ కూడా మీటరున్నర పొడవే, దాని ముక్కు బల్లెంలా ఉంటుంది. చలి ముదిరాకే పెంగ్విన్లు భూమధ్యరేఖ వైపు జరిగాయన్న పాత లెక్కను ఈ రెండూ కలిసి మూడు కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి జరిపాయి.

చల్లని చోట్ల జంతువులు పెద్దవిగా ఉంటాయన్నది జీవశాస్త్రంలో పాత సూత్రం. ఇప్పటి పెంగ్విన్ల విషయంలో అది బాగానే నప్పుతుంది. అంటార్కిటికాలో ఎంపరర్ ఉంది, భూమధ్యరేఖ మీద గలపాగోస్‌లో మోకాలెత్తు పెంగ్విన్ ఉంది. పాత పెంగ్విన్ల దగ్గరికొచ్చేసరికి ఆ సూత్రం చేతులెత్తేస్తుంది. న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఒటాగో తీరంలో, సుమారు 5.7 కోట్ల ఏళ్లనాటి రాతిగుండ్లలో దొరికిన కుమిమను ఫోర్డిసీ బరువును దాదాపు 150 కిలోలని 2023లో లెక్కగట్టారు. మావోరీ భాషలో ‘కుమి’ అంటే పురాణాల్లోని రాక్షస జీవి, ‘మను’ అంటే పక్షి. ఈ లెక్క తేలింది ప్రధానంగా భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక కొలతల మీద. ఆ ఎముకను లేజర్‌తో కొలిచి, కంప్యూటర్‌లో నమూనా తయారుచేసి, ఇప్పటి పెంగ్విన్ల ఎముకలతో పోల్చారు. బతికున్న ఏ పెంగ్విన్ కూడా అందులో మూడో వంతు మించి తూగదు కాబట్టి, తెలిసిన కొలతలను తెలియని పరిమాణం దాకా సాగదీయక తప్పలేదు. అంకెలో పది, ఇరవై కిలోల తేడా ఉన్నా ఉండవచ్చు. అది ఎంపరర్ కన్నా కొన్ని రెట్లు పెద్దదనడంలో మాత్రం సందేహం లేదు. వెచ్చటి కాలంలోనే పెంగ్విన్లు ఇంత భారీగా పెరిగాయి.

మరి చలి కాకపోతే ఇంత ఒళ్లు ఎందుకు? నీళ్లలోకి దిగిన వెచ్చటి రక్తపు జంతువుకు సముద్రం వెచ్చగా ఉన్నా గండమే. గాలి కన్నా నీరు దాదాపు 25 రెట్లు చురుగ్గా వేడిని లాగేస్తుంది. ఒళ్లు పెద్దదైతే ఆ నష్టం తగ్గుతుంది. పెద్ద ఒళ్లు ఎక్కువ ఆక్సిజన్ దాచుకుంటుంది, లోతుకు మునుగుతుంది, పెద్ద చేపను పట్టగలదు. ఎగరడం మానేశాక బరువు మీదున్న పెద్ద కట్టుబాటు కూడా తొలగిపోయింది. గాలిలోకి లేవాల్సిన పక్షికి ప్రతి గ్రామూ భారమే. నీళ్లలో బరువును నీరే మోస్తుంది.

వేడి సంగతే ఇంకో దారిలో చూస్తే ఇదే మాట మరింత స్పష్టమవుతుంది. ఇప్పటి పెంగ్విన్ల రెక్కకు వెళ్లే ధమని భుజం దగ్గర పాయలు పాయలుగా చీలి, తిరిగొచ్చే సిరల పక్కనే సాగుతుంది. వేడి పాలగిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెడితే పాలు చల్లారి నీళ్లు వేడెక్కుతాయి. ఇక్కడ జరిగేదీ అదే. ఒంట్లోంచి వెళ్లే వెచ్చటి రక్తం, రెక్కలోంచి తిరిగొచ్చే చల్లటి రక్తానికి దారిలోనే తన వేడి అప్పజెబుతుంది. అందువల్ల ఒంటి వేడి సముద్రం పాలు కాదు. మంచులో బతకడానికే ఈ ఏర్పాటు వచ్చిందనుకోవడం సహజం. అయితే ఆ నాళాలు భుజపుటెముక మీద గాళ్ల లాంటి ముద్రలు వదులుతాయి. డేనియల్ థామస్, డేనియల్ క్సెప్కా, యూవన్ ఫోర్డిస్ 2011లో శిలాజ ఎముకల మీద ఆ గాళ్లను వెతికారు. అవి కనీసం 4.9 కోట్ల ఏళ్ల కిందటే ఉన్నాయి. భూమి చల్లబడక ఒకటిన్నర కోట్ల ఏళ్ల ముందే పెంగ్విన్ దగ్గర చలికోటు సిద్ధంగా ఉందన్నమాట. బహుశా లోతు నీటిలో, తీరానికి దూరంగా ఎక్కువసేపు వేటాడటానికి అది పనికొచ్చి ఉంటుంది. తర్వాత ప్రపంచం చల్లబడ్డప్పుడు ఆ పాత పనిముట్టే కొత్త పనికి కుదిరింది. మంచు వల్ల పెంగ్విన్ తయారు కాలేదు, అప్పటికే తయారైన పెంగ్విన్ మంచులోకి నడిచి వెళ్లింది.

అన్నిటికన్నా పాతవాటిలో ఒకటైన వైమను మన్నెరింగీలో ఈ గాళ్లు లేవు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ ప్రాంతంలో, వైపారా నది దగ్గరి రాళ్లలో దొరికిన ఆ పక్షి వయసు ఆరు కోట్ల ఏళ్లకు పైమాటే. పెద్ద డైనోసార్లు అంతరించి అప్పటికి యాభై లక్షల ఏళ్లయినా పూర్తిగా గడవలేదు. అది ఎగరలేదు, రెక్కలతో ఈదుతుంది, ఎముకలు బరువెక్కాయి. అయినా మోచేతి దగ్గర రెక్క ఇంకా కొంత వంగేలా ఉంది, ఇప్పటి పెంగ్విన్ రెక్కలా బిగుసుకుపోయిన తెడ్డు కాలేదు. సముద్రంలో పెద్ద సరీసృపాలు అప్పుడే తుడిచిపెట్టుకుపోయాయి, తిమింగలాలు ఇంకా పుట్టలేదు. ఆ ఖాళీ చోటును వాడుకున్న తొలి జీవుల్లో ఈ పక్షులున్నాయి.

శిలాజ పెంగ్విన్ల అధ్యయనం మొదలైందే న్యూజిలాండ్‌లో దొరికిన ఒకే ఒక్క కాలి ఎముకతో. 1859లో థామస్ హెన్రీ హక్స్‌లీ ఆ ఎముక ఆధారంగా పేలియుడిప్టెస్ అంటార్క్టికస్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత నూట యాభై ఏళ్లపాటు ఈ శాస్త్రమంతా ఎముకల శాస్త్రమే. ఎముక ఎత్తు చెబుతుంది, కండ ఎక్కడ అతుక్కుందో చెబుతుంది, అదృష్టముంటే పైన చెప్పినట్టు రక్తనాళం దారి కూడా చెబుతుంది. ఒంటి పైభాగం గురించి మాత్రం మాట్లాడదు. పరాకస్ శిలాజం విలువ ఇక్కడే తెలుస్తుంది. ఎగిరే పక్షుల రెక్కల్లో చివరి ఈకలు పొడవుగా, మిగతావి పొట్టిగా ఉంటాయి. ఇంకాయాకు రెక్కలో ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. పొట్టి ఈకలు పొరలుపొరలుగా పేరుకుని తెడ్డుకు నున్నటి అంచు కట్టాయి. ఈ ఈకల ఏర్పాటు 3.6 కోట్ల ఏళ్ల కిందటికే పూర్తయిందని ఏ ఎముకా చెప్పలేకపోయేది.

ఇక మిగిలింది రంగు ఎందుకు మారిందన్న ప్రశ్న. పరిశోధకులు రెండు వైపులు చూపారు. ఒకటి, కొత్త వేటగాళ్లు. నల్లటి వీపు పైనుంచి చూసేవాడికి చీకటి నీటిలో కలిసిపోతుంది, తెల్లటి పొట్ట కిందినుంచి చూసేవాడికి వెలుతురులో కలిసిపోతుంది. సీల్ జంతువులు సముద్రాల్లో విస్తరించాక ఈ వేషం అవసరమై ఉంటుందన్నది ఆలోచన. వినడానికి బాగుంది కానీ ఇది ఒక్కటే సరిపోదు. సీళ్ల తొలి శిలాజాలు దొరికినవి ఉత్తరార్ధగోళంలో, దక్షిణ సముద్రాలకు అవి చేరింది ఆ తర్వాత. పైగా ఇంకాయాకు ఈదిన నీళ్లు వేటగాళ్లు లేని నీళ్లేమీ కావు. అదే పరాకస్ రాళ్లలో, దాదాపు అదే కాలానికి చెందిన సింథియాసీటస్ అనే పొడవాటి ఆదిమ తిమింగలం దొరికింది. సొరచేపలు సరేసరి. శత్రువు ఉండటమే రంగుకు కారణమైతే ఆ రంగు అప్పుడే వచ్చి ఉండాలి.

రెండో వైపు ఎక్కువ ఆసక్తికరమైనది, దానికి శత్రువుతో పనిలేదు. మెలనిన్ రంగునే కాదు, ఈకకు గట్టిదనాన్ని కూడా ఇస్తుంది. తేలినీలాపురం, నేలపట్టు లాంటి చోట్లకు వచ్చే కొంగల్లో ఒళ్లంతా తెల్లగా ఉన్నా రెక్కల పెద్ద ఈకలు మాత్రం నల్లగా ఉండటం చూస్తాం. గాలి రాపిడికి ఎక్కువగా గురయ్యే ఈకలు అవే. నల్ల ఈక తెల్ల ఈక కన్నా నిదానంగా అరుగుతుంది. నీళ్లలో దూసుకుపోయే పక్షి ఈకల మీద ఒత్తిడి గాలిలో కన్నా చాలా ఎక్కువ. ఇప్పటి పెంగ్విన్ల పెద్ద మెలనోసోమ్‌లు, వాటి గుత్తుల అమరిక ఈకను మరింత దృఢంగా చేయడానికి వచ్చి ఉంటే, నలుపు ఆ మార్పుకు వెంటవచ్చిన ఫలితం అవుతుంది. ముందు గట్టిదనం, దానితోపాటు రంగు, ఆ రంగు దాక్కోవడానికి పనికిరావడం అదనపు లాభం. రక్తనాళాల విషయంలోనూ జరిగింది ఇదే తీరు కాబట్టి ఈ వివరణ వైపు మొగ్గు చూపడం సబబుగా అనిపిస్తుంది. అయితే రక్తనాళాలకు ఎముక మీద ముద్రలున్నాయి, దీనికి అంత గట్టి సాక్ష్యం ఇంకా లేదు.

ఆ మార్పు ఏ కాలంలో జరిగిందో మాత్రం రెండు గట్ల మధ్య ఇరికించవచ్చు. 3.6 కోట్ల ఏళ్ల కిందటి ఇంకాయాకులో పెద్ద మెలనోసోమ్‌లు లేవు. పరిశీలించిన ఇప్పటి పెంగ్విన్లలో ఉన్నాయి. బతికున్న పెంగ్విన్లన్నిటి ఉమ్మడి పూర్వీకం ఎప్పటిదన్న దానికి ఇటీవలి జన్యు లెక్కలు సుమారు 2.2 కోట్ల నుంచి 1.4 కోట్ల ఏళ్ల మధ్య జవాబులిస్తున్నాయి. ఆ పూర్వీకం నుంచే అందరికీ ఈ లక్షణం సంక్రమించి ఉంటే, మార్పు ఈ రెండు గట్ల మధ్య ఎప్పుడో జరిగి ఉండాలి. సరిగ్గా అదే కాలంలో అంటార్కిటికా గడ్డకట్టింది, దాని చుట్టూ చల్లటి ప్రవాహం తిరగడం మొదలైంది, ఇప్పటి రకం పళ్ల తిమింగలాలు, తర్వాత సీళ్లు వచ్చాయి, భారీ పెంగ్విన్లు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. ఇన్ని మార్పులు ఒకే కాలంలో ముసురుకున్నప్పుడు ఏది దేనికి కారణమో విడదీయడం కష్టం.

పరాకస్ దగ్గరి బల్యెస్టాస్ దీవుల మీద ఇప్పటికీ పెంగ్విన్లున్నాయి. వాటిని హంబోల్ట్ పెంగ్విన్లంటారు. నాలుగైదు కిలోల బరువు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఛాతీ మీద నల్లటి పట్టీ. దీవులకు ఎదురుగా ఉన్న ఎడారిలో ఇంకాయాకు పొరలకు పైన కొత్త కాలపు పొరలున్నాయి. వాటిలోనూ పెంగ్విన్ ఎముకలు దొరుకుతూనే ఉన్నాయి. ఆ పొరల్లో ఒక రెక్కకు నాలుగు ఈకలు అంటుకుని కనబడితే చాలు. వాటిలో గుత్తులుగా మెలనోసోమ్‌లు ఉన్నదీ లేనిదీ చూసి, నలుపు సీళ్ల కన్నా ముందు వచ్చిందో వెనుక వచ్చిందో చెప్పవచ్చు.